సొరతీగ ఏమైందని అడిగిన బాబా

మస్కట్‌లో, బౌషర్‌లోని ఒక ఇంట్లో పనికి చేరిన కొత్తలో జరిగిందిది. గదికి రంగు వేయాలని నా పెట్టె జరుపుతుంటే మూత ఊడింది. ఇంటి పెద్దాయన వంగి, అందులో నా చెప్పుల కింద దాచిన బైబిల్ తీశాడు. అది కనబడితే తిరుగు విమానమేనని కడపలో ఏజెంటు బెదిరించాడు. క్షమించమని చేతులు జోడించాను.

"మాఫ్ కరో బాబా!"

ఆయన వెళ్లి చేతులూ ముఖమూ కడుక్కొచ్చి, తన ఖురాన్ వ్యాఖ్యానం పక్కనే చెక్కపీట మీద బైబిల్‌ను ఉంచాడు. హిందీలో అడిగాడు: "యూనుస్ నబీకి నీడనిచ్చిన సొరతీగ తర్వాత ఏమైంది? ఖురాన్‌లో లేదు."

మా బైబిల్‌లోని యోనా ప్రవక్త కథే. తప్పు చెబితే పంపేస్తాడేమోనని జాగ్రత్తగా గుర్తు తెచ్చుకున్నాను.

"పురుగు తొలిచి ఎండిపోయింది, బాబా."

ఆయన వ్యాఖ్యానంలో ఒక వరుస మీద వేలు పెట్టాడు. "ఎండిపోయిందనే ఇందులోనూ ఉంది. వందల ఏళ్ల కిందటి పండితుడు, మీ గ్రంథం చూసి రాశాడు."

నాకు భయం తీరలేదు. "నన్ను పంపేస్తారా?"

అప్పుడొచ్చింది ఆయనకు కోపం.

"పంపడం సంగతి సరే, అల్లా పుస్తకాన్ని చెప్పుల కింద పెడతావా?"