వాల్‌పేపర్ వెనక రాసిన ఇంటిపేర్లు

“పిల్లకి మన ఇంటిపేరే పెట్టాలి. మీ నాన్నగారికి నువ్వు తప్ప ఇంకెవరున్నారే?”

“అమ్మా, మళ్లీ మొదలెట్టకు. రేపు పొద్దున్న నీ అల్లుడు ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసేస్తాడు. వాళ్ల ఇంటిపేరే.”

“వాళ్ల ఇంటిపేరుకో ఊరుందా, పాడా? ఎక్కడెక్కడో తిరిగిన జనం. ఇదీ మా ఊరని ఒక్కరైనా చెప్పగలరా?”

“నువ్వు అడిగితే కదా! అత్తయ్యగారొచ్చి పదిరోజులైంది. ఆవిడ బ్రెడ్డు ముక్కలు ఎందుకు దాస్తున్నారో అని వంటింట్లో కాపలా కాశావు గానీ, ఒక్క మాట అడిగావా?”

సింగపూర్‌లో, సెంగ్‌కాంగ్‌లో ఉన్న మా అమ్మాయి ఫ్లాట్‌లో ఆ సాయంత్రం జరిగిన గొడవ ఇది. మనవరాలికి మూడు వారాలు. అల్లుడు ఫ్రెంచి వాడు. ఇక్కడే క్లెమెంటి దగ్గర యూనివర్సిటీలో మా అమ్మాయితో పాటు పనిచేసేవాడు. నాకు ఒక్కతే కూతురు. మావారు పోయారు. ఆయన ఇంటిపేరు ఈ పిల్లతోనైనా నిలుస్తుందని నా ఆశ.

మా అరుపులు దేనికో అల్లుడు తల్లికి చెప్పినట్టున్నాడు. ఆవిడ లోపలికి వెళ్లి ఓ కాగితం చుట్ట తెచ్చి బల్ల మీద పరిచారు. ఒకవైపు నీలం పువ్వులు, రెండోవైపు తెలుపు. వాళ్లింట్లో గోడలకు అంటించగా మిగిలిన వాల్‌పేపరట. పారేయకుండా వెనకవైపు పెన్సిల్‌తో వంశమంతా రాసుకున్నారు. నేనూ ఏదీ పారేసే రకం కాదు, నాకు సగం కోపం అక్కడే పోయింది.

ఆవిడ చెబుతుంటే అమ్మాయి తెలుగులో చెప్పింది. ఆ ఇంటిపేరుకి ఊరి రొట్టెల బట్టీ చూసుకునేవాడని అర్థమట. వెనకటి రోజుల్లో అక్కడ ఇంటింటా బట్టీ ఉండేది కాదు. ఆడవాళ్లందరూ పిండి పిసికి ఆ ఒక్క బట్టీకే తెచ్చేవారు. నిప్పు చూసినందుకు వీళ్లకి తలా ఓ పిండిముద్ద ఇచ్చేవారు. తరవాత ఇళ్లల్లోనే బట్టీలు కట్టుకున్నారు. పని పోయి వీళ్లు కొండ మీది ఆ ఊరు దిగి ఇటుకబట్టీలో చేరారు. అక్కడి నుంచి రేవుపట్నం, ఓడల్లో వంట. ఆ తరవాత రైలింజన్లో బొగ్గు వేసే పని. ఎన్ని ఊళ్లు మారినా నిప్పు దగ్గర పని మానలేదు.

ఇదంతా తెలుసుకోవడానికి ఆవిడకి తొమ్మిదేళ్లు పట్టింది. సంచిలో రొట్టె పెట్టుకుని, బస్సెక్కి, ఊరూరా చర్చి పుస్తకాల్లో పెళ్లిళ్లూ చావులూ చదువుకుంటూ తిరిగారు. హోటల్లో ఒక్క పూటైనా తినలేదట. అలాంటి మనిషిని బ్రెడ్డు ముక్కల కోసం అనుమానించాను.

“మీ ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చింది?” అని ఆవిడ అడిగించారు.

మాది ఓ ఊరి పేరే. ఆ ఊరెక్కడుందో మా మామగారికే తెలీదు. “పైనెక్కడో” అన్నాను. అమ్మాయి ఆ మాటని ఫ్రెంచిలోకి మార్చకుండా నాకేసి చూసి నవ్వింది.

సిగ్గేసి కాగితంలోకి వంగి చూశాను. ఆ అక్షరాలు నాకు రావు, అమ్మాయి వేలు పెట్టి చదివింది. ప్రతి మగవాడి పక్కనా వేరే ఇంటిపేరుతో ఓ మనిషి ఉంది.

“వీళ్లెవరు?”

“పెళ్లాలమ్మా.”

“పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరేనా?”

“చర్చి పుస్తకంలో ఆడదాన్ని పుట్టింటి పేరుతోనే రాస్తారట. చచ్చిపోయాక కూడా.”

కాగితం అడుగున మా వాళ్ల గళ్లున్నాయి. మావారి ఇంటిపేరు అమ్మాయి ఎప్పుడో చెప్పిందిట, రాసుంది. దాని పక్కన నా గడి ఖాళీ.

“నీ పుట్టింటి పేరు కావాలట. మామయ్యవాళ్లదే కదా, నేను చెప్పేయనా?” అంది అమ్మాయి. ఊరుకోకుండా, “నాన్నగారి ఇంటిపేరు కోసం ఇంత గోల చేశావు. నీది తీసేసినప్పుడు ఎవరితో దెబ్బలాడావమ్మా?” అని కూడా అంది.

“నోరు మూసుకుని పిల్లనెత్తుకో, ఏడుస్తోంది.”

 నా పుట్టింటి పేరు పెళ్లి శుభలేఖ మీద అచ్చు వేసిందే ఆఖరు. ఆ తరవాత నా పేరు ముందు ఆ ఇంటిపేరు ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. మూడో తరగతి దాకా చదివాను. బడిలో పలక మీద రాసినట్టే అక్షరం అక్షరం కూడబలుక్కుని, పెన్సిల్ నేనే తీసుకుని తెలుగులో రాశాను. ఆవిడ దాని కింద వాళ్ల అక్షరాల్లో రాసుకున్నారు. సరిగ్గా పలికేదాకా నా చేత నాలుగుసార్లు చెప్పించుకున్నారు.

మర్నాడు పొద్దున్నే అల్లుడు ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. “ఏం చెయ్యమంటావో అడుగుతున్నాడమ్మా” అంది అమ్మాయి. “వాళ్లదే పెట్టమను. మనవి ఆ కాగితంలో ఉన్నాయిగా” అన్నాను. పెట్టాడు. ఆవిడ కాగితం చివర పిల్ల పేరు రాసి చుట్ట చుట్టారు. కూరగాయల కట్టలకి వచ్చిన రబ్బరుబ్యాండ్లు దాచుకుంటాను కదా, అందులోంచి ఒకటిచ్చి, “ఇది వేయండి వదినగారూ” అన్నాను. తరవాత ఆవిడ పారేయకుండా దాచిన ఎండు బ్రెడ్డు ముక్కలు నా దోసెల పెనం మీద కాల్చుకుని అందరం తిన్నాం.