వసుంధర గారి నలుపు తెలుపు రోడ్లు

వెనిగర్ సీసా మూత తీస్తే చాలు, నాకు వసుంధర గారి బాత్‌రూమ్ గుర్తొస్తుంది. ఫోటోలు కడిగే రసాయనాలదీ అదే పులుపు వాసన. అరిజోనాలో, చాండ్లర్‌లోని తన అపార్ట్‌మెంట్‌లో ఆ చిన్నగది తలుపుకి నల్లటి దుప్పటి కట్టి, ఎర్ర బల్బు వెలుతురులో ఆవిడ ఫోటోలు కడిగేవారు. ఆఫీసులో నాకు మేనేజర్. భర్త పోయాక ఒంటరిగా ఉండేవారు. నేను ఆ ఏడాదే విడాకులు తీసుకున్నాను. శని, ఆదివారాలు నోరు విప్పే అవసరమే రాకుండా గడిచిపోయేవి.

ఒక శుక్రవారం ఆవిడ నా డెస్క్ దగ్గర ఆగారు.

"రేపు ఏం ప్లాన్ చేశావమ్మా?"

"ఏం లేదండీ, లాండ్రీ."

"అది ఆదివారం చేసుకో. నాతో రా, డ్రైవ్ చేద్దువుగాని."

అలా మొదలైంది. కొత్త ఫ్రీవే వచ్చాక పెద్దగా ఎవరూ తిరగని పాత హైవే మీద మూతబడ్డ గ్యాస్ స్టేషన్లు, డబ్బులేసి బట్టలు ఉతుక్కునే లాండ్రోమాట్లు, బస్సు కోసం నిలబడ్డ మనుషులు, ఇవే ఆవిడ తీసేవి, అన్నీ నలుపు తెలుపుల్లోనే. రంగులెందుకు వద్దంటారని అడిగితే "అలవాటు" అని నవ్వేశారు.

మూసేసిన ఒక మోటెల్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఫోటో తీద్దామని నేను కారులోంచే ఫోన్ పైకెత్తాను. ఆవిడ నా చెయ్యి దించేశారు.

"ముందు దిగి హలో చెప్పు. ఆయనేమైనా సైన్‌బోర్డా?"

ఆ మోటెల్‌ని ఆయన భార్య నడిపేదట. ఆయన చెప్పిందంతా విన్నాక వసుంధర గారు ఒకే ఒక్క ఫోటో తీశారు. కొన్ని వారాల తర్వాత ప్రింట్ ఇవ్వడానికి మళ్లీ వెళ్లాం. ఆయన చాలాసేపు చూసుకుని, "ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టున్నాను" అన్నాడు ఇంగ్లీషులో. తిరుగుదారిలో వసుంధర గారు, "నేను తీసినవాళ్లంతా అలాగే ఉంటారే. ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు" అన్నారు.

తర్వాత ఆవిడ చూపు మందగించింది. కెమెరా నా చేతిలో పెట్టి, షికాగో దగ్గర నేపర్‌విల్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. ఆదివారం సాయంత్రాలు ఫోన్‌లో ఆవిడకి నా ఫోటోలను మాటల్లో చెప్పేదాన్ని.

"ఎండ ఎటునుంచి పడింది? ఆ మనిషి పేరేంటి?"

"పేరు అడగలేదండీ."

"అయితే మళ్లీ వెళ్లి అడుగు."

వెళ్లేదాన్ని. అలా వెళ్లి వెళ్లి, కొత్తవాళ్లతో మాట కలపడం నేర్చుకున్నాను.

పోయిన చలికాలంలో ఆవిడ పోయారు. మొన్న ఒక బస్ స్టాప్‌లో, డ్యూటీ దిగి వస్తున్న నర్సును ఫోటో తీశాను. ఎండ ఎడమవైపు నుంచి పడుతోంది. ఆదివారం ఆ సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అయినా అడిగే వచ్చాను. ఆ నర్సు పేరు గ్లోరియా.