టోలు తగ్గేదాకా ఆగిన లారీ

సింగపూర్‌లో నగరంలోకి వెళ్ళే పెద్దరోడ్డు మీద, బ్రాడెల్ దాటాక, ఒక టోలు కమాను ఉంది. అక్కడ ఎవరూ ఆగి డబ్బు కట్టరు. కింద నుంచి వెళ్తే చాలు, బండిలో పెట్టిన కార్డులోంచి అదే కోసుకుంటుంది. రద్దీ వేళ ఎక్కువ, రద్దీ తగ్గాక తక్కువ. అందరూ ఒకేసారి రోడ్డెక్కకూడదని పెట్టిన పద్ధతి. మంచి పద్ధతే, రోడ్డు మునుపటిలా మూసుకుపోవడం లేదు. కానీ ధర మారబోయే ముందు కాసేపు, ఆ రోడ్డును కనిపెట్టుకుని ఉండే ఉద్యోగులం మేము ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్ళం. తగ్గాక దాటుదామని కొందరు కమాను ముందు నత్తల్లా పాకేవారు. కొందరు రోడ్డంచున ఏకంగా ఆపేసేవారు. వెనక నుంచి వచ్చే బండ్లు మాత్రం వచ్చే వేగంతోనే వచ్చేవి.

అలా ఆగినవాళ్ళను కదిలించడం జైలానీ పని. పాడైన బండ్లను లాక్కెళ్ళే ట్రక్కు నడిపేవాడు. యాభై దాటిన మలయ్ మనిషి, కోపమొచ్చినా గొంతు పెంచడు. అంతకుముందు మోటారుసైకిలు మీద పార్సిళ్ళు చేరవేసేవాడు. ఆ రోజుల్లోనే తోటివాడొకడు రోడ్డంచున ఆగి వానకోటు తొడుక్కుంటుండగా ఏదో బండి గుద్ది చనిపోయాడు. ఆ తర్వాతే జైలానీ ఈ ఉద్యోగంలో చేరాడు. అన్నా అన్నట్టు, మేమంతా ఆయన్ని "అబాంగ్" అనేవాళ్ళం. నాది కెమెరాల గదిలో పని.

ఆ ఉదయం వాన. ధర తగ్గడానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. కమానుకు ముందు రోడ్డంచున ఒక లారీ ఆగి కనబడింది. వెనక టార్పాలిన్ కింద కూలీలు కిక్కిరిసి ఉన్నారు. జైలానీకి కబురు పెట్టాను. ఆయన ట్రక్కును లారీ వెనక అడ్డంగా నిలిపి దిగాడు. వైర్‌లెస్ తెరిచే ఉంచాడు గనుక మాటలన్నీ నాకు వినబడుతున్నాయి.

"ఏమైంది తమ్ముడూ?"

"ఇంజను ఆగిపోయింది అబాంగ్."

"ఆగిపోయిన ఇంజను ఇలా గుర్రుమంటుందా?"

డ్రైవరు ఆరోక్యం, పుదుకోట్టై నుంచి వచ్చిన తమిళుడు, గొంతు తగ్గించాడు. "ఐదు నిమిషాలు ఓర్చుకో అబాంగ్. ధర తగ్గగానే పోతా. ముందే దాటితే మా తౌకే నా జీతంలోంచి కోస్తాడు."

"మీ ఓనరు కోసేది జీతం. ఇక్కడ తెగేది పీకలు. కదులు."

"ఎటు కదలను? సందేదీ?"

నిజమే. పక్క వరసలో ధర కోసం పాకుతున్న కార్లు, ఆ పక్క వరసలో దూసుకుపోయే బండ్లు. లారీ దూరే చోటు లేదు. జైలానీ వెనక్కి పరిగెత్తి టార్పాలిన్ ఎత్తాడు.

"దిగండి! అందరూ కంచె అవతలికి!"

"వానలోనా? రోజంతా తడిబట్టలతో పనిచెయ్యాలా?" ఎవడో విసుక్కున్నాడు.

"తడిస్తే ఆరతారయ్యా! దిగండి ముందు!"

గొణుక్కుంటూ దిగి కంచె దాటుతున్నారు. అప్పుడే నా తెర మీద సిమెంటు లారీ ఒకటి కనబడింది. ముందున్న కార్లు ఒక్కసారిగా నెమ్మదించాయి. అది మాత్రం తగ్గడం లేదు.

"అబాంగ్, వెనక పెద్ద లారీ! వచ్చెయ్!"

ఆయన రాలేదు. మొఫీజుల్ అనే బంగ్లాదేశీ ఒక మూల ముడుచుకుని నిద్రపోతున్నాడు. జైలానీ పైకెక్కి అతని చొక్కా పట్టి లాగాడు.

"సైటు వచ్చేసిందా?" అన్నాడు మొఫీజుల్.

సిమెంటు లారీ బ్రేకు వేసి రోడ్డంచుకు జారింది. జైలానీ ట్రక్కును గుద్ది, దాన్ని తీసుకెళ్ళి కూలీల లారీకి కొట్టింది. తెర నిండా నీటి తుంపరలే.

"అబాంగ్?" పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను.

చాలాసేపటికి గొంతు వినబడింది. "అందరూ బతికే ఉన్నారు. మేమిద్దరం ఆఖరి క్షణంలో గడ్డిలోకి దూకాం. సిమెంటు లారీ నడిపినవాడూ దిగి నిలబడ్డాడు. అంబులెన్సు పంపు, నా భుజం లేవట్లేదు."

పోలీసులు వచ్చేలోగా ఆరోక్యం ఆయన పక్కన గడ్డిలో కూలబడ్డాడు. "ఇంజను చెడిందని చెప్పు అబాంగ్. నిజం చెబితే నన్ను ఊరికి పంపేస్తారు."

తౌకే ఓంగ్ కూడా కారులో వచ్చాడు. రాగానే అందుకున్నాడు. "ఇంజనే కదా? సర్వీసు చేయించమని వారం నుంచి మొత్తుకుంటున్నా వీడికి."

జైలానీ పోలీసు వైపు తిరిగాడు. "ఇంజను బాగానే ఉంది సార్. టోలు తగ్గాలని ఆపాడు. ఆపమన్నది ఎవరో అతన్నే అడగండి."

ఆరోక్యం ఓంగ్ వైపు చూసి తల దించుకున్నాడు. చివరికి కంచె అవతల నుంచి మొఫీజుల్ అన్నాడు, "రోజూ ఇక్కడే ఆగుతాం సార్. తౌకే ఆర్డరు." ఆరోక్యం ఏడుస్తూ తలూపాడు.

ఓంగ్‌కు జరిమానా పడింది. ఆరోక్యానికి లైసెన్సు పోయింది, ఊరికి పంపేస్తున్నారని తెలిసింది. భుజానికి కట్టుతోనే జైలానీ, భార్య కొబ్బరిపాలతో వండిన నాసి లెమాక్ అన్నం పొట్లాలు పట్టుకుని కూలీల హాస్టలుకు వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆరోక్యం కిందికి దిగలేదు.

"నేను అబద్ధం చెప్పి ఉంటే వాడికి పని ఉండేది," అన్నాడు జైలానీ.

"రేపు ఇంకో లారీ ఆగేది," అన్నాను.

"ఆ సంగతి వాడికి చెప్పగలవా?"

కాసేపటికి మొఫీజుల్ మెట్లు దిగి వచ్చి, పొట్లం విప్పి, జైలానీ పక్కనే కూర్చుని తినసాగాడు.