సీతాఫలం గింజ

తెలంగాణ కోసం సమ్మె మొదలైన వారానికే కోరుట్లలో మా గ్రంథాలయానికి తాళం పడింది. పండ్ల గురించి రాసిన ఒక పుస్తకం అప్పటికి సగం చదివాను. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి వస్తూ రోజూ కాసేపు అక్కడ కూర్చుని చదివిందే నా చదువు. 'ఆక్సీకరణం' అన్న మాటకు అర్థాన్ని ఎవరినీ అడగకుండా నిఘంటువులో వెతికి పట్టుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను.

ఒళ్లో చాటలు పెట్టుకుని ఆడవాళ్లమంతా బీడీలు చుట్టేటప్పుడు, చదివిందంతా వాళ్లకు చెప్పేదాన్ని. మనం చుట్టే తునికాకు చెట్టుకే కాసే పండులో, అల్లనేరేడులో, ఉసిరికలో కొన్ని పదార్థాలుంటాయని, ఇనుప గొలుసుకు తుప్పు పట్టినట్టు ఒంట్లో కణాలు పాడవకుండా అవి అడ్డుపడతాయని, యాంటీ ఆక్సిడెంట్లంటే అవేనని. సీతాఫలం గుజ్జులో కూడా అవి బాగానే ఉన్నాయట. అసలది మన దేశపు చెట్టే కాదని, సముద్రాలు దాటి వచ్చిందని చెబితే మాత్రం ఎవరూ నమ్మలేదు. "మరి సీతమ్మది ఏ దేశమే?" అని ఒకామె అడిగింది. చాటల్లో పొగాకు చెదిరేలా నవ్వారందరూ.

ఆ ఏడు బస్సుల్లేక, లారీలు కదలక, కొండగట్టు దిక్కు నుంచి వచ్చే సీతాఫలాలు పట్నం పోలేదు. గంపలకు గంపలు మా బజారులోనే మెత్తబడ్డాయి. పొద్దునా మాపూ అవే తిన్నాం. గింజలను మా అత్తమ్మ పారేయనివ్వలేదు, కడిగి ఎండబోసింది. పేలకు సీతాఫలం గింజను మించిన మందు లేదని మా దిక్కు ఆడవాళ్లందరికీ తెలుసు. మెత్తగా నూరి, కొబ్బరినూనెలో కలిపి, తలకు పట్టించి గుడ్డ కట్టుకుంటారు. ఎండ దిగాక తలస్నానం చేస్తారు. కండ్లలో పడొద్దంటారు గానీ, కారం కండ్లలో పడొద్దని చెప్పినట్టే చెబుతారు.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. అత్తమ్మ ఆ గింజలు నూరి నా తలకు పట్టించింది, గుడ్డతోనే బీడీలు చుడుతున్నాను. ఉక్కకు చెమట పోసింది. నుదుటి మీంచి కండ్ల మీదికి జారినదాన్ని చేత్తో తుడుచుకున్నాను. రెండు కండ్లూ ఒక్కసారే మండాయి. ఎన్ని నీళ్లు కొట్టుకున్నా మంట తగ్గలేదు. మాపటికి రెప్పలు వాచి, దీపం చుట్టూ రంగుల చక్రం కనిపించింది. తెల్లారి లేచేసరికి ఎదురుగా నిలబడ్డ అత్తమ్మకు ముఖం లేదు. పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంది. తడుముకుంటూ వెళ్లి పాత పేపరు తీసి ముక్కుకు ఆనించుకున్నాను. పెద్దక్షరాల హెడ్డింగు కూడా నల్లటి మరకే.

పెరట్లో అత్తమ్మ, గింజలు నూరిన రోలును కడుగుతున్న చప్పుడు వినిపించింది. కడిగిందే కడుగుతోంది.

సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే మా ఆయనకు ఫోన్ చేస్తే, ఏదన్నా బండి దొరికించుకుని వస్తానన్నాడు. కంటి డాక్టరు కోసం జగిత్యాల పోవాలి. కూరగాయలు దింపి తిరిగిపోతున్న ట్రాలీ ఆటోను ఆపి, అత్తమ్మ నా ముఖానికి గుడ్డ కప్పి ఎక్కించి, తనూ ఎక్కింది.

కొంత దూరం పోయాక డప్పులు వినిపించాయి. పొయ్యి పొగ, ఉడికే పప్పు వాసన. ఆటో ఆగింది. సమ్మెవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. అట్లా రోడ్డు మీద నేనూ కూర్చున్నదాన్నే, జై తెలంగాణ అని గొంతు పోయేలా అరిచినదాన్నే. ఆ రోజు మాత్రం ఆ అరుపులు ఎవరివో, ఎంత దగ్గరగా ఉన్నాయో తెలియక అత్తమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను. ఒకతను ఆటోను చేత్తో చరిచి, బంద్ ఉన్నదని తెల్వదా, ఎటు పోతున్నరని గద్దించాడు. అత్తమ్మ నా ముఖం మీది గుడ్డ తీసింది.

"సూడు కొడుకా. గీమె పుస్తకాలు సదువుతది. గీ కండ్లు పోతె ఏం జెయ్యాలె?"

గిన్నెలు పక్కకు జరుపుతున్న చప్పుడైంది. ఏమైందవ్వా అని ఎవరో అడిగితే, అత్తమ్మ గుడ్డను మళ్లీ నా ముఖం మీద కప్పింది.

ఆ గింజలో ఉన్నది పురుగుల మందులాంటి విషమని డాక్టరు చెప్పాడు. నల్లగుడ్డు పైపొర ఊడిపోయిందట. పొర మళ్లీ వస్తుందట. లోపలికి దిగి ఉంటే మాత్రం మచ్చ మిగిలిపోతుందట.

"సదువుకోవచ్చా సారూ?" అని అడిగాను.

"కట్టు విప్పినంక చూద్దామమ్మా."

ఇంటికొచ్చాక రెండు కండ్లకూ కట్టే. ఆకు కత్తిరించడానికి చూపు కావాలి. అత్తమ్మ కత్తిరించి అందిస్తుంటే నేను చీకట్లోనే బీడీలు చుట్టాను. చేతులు ఒక్కసారి కూడా తప్పలేదు. దానికే ఎక్కువ భయమేసింది, కండ్లు లేకుండా కూడా నువ్వు బతకగలవని అవి చెబుతున్నట్టు. చదివిన పేజీలను కట్టు వెనక చూసుకోవాలని ప్రయత్నించేదాన్ని. ఒకసారి బండి ర ఎట్లా రాస్తారో గుర్తురాక ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. సిరిసిల్ల నుంచి ఎవరి బండి మీదనో బోయినపల్లి మీదుగా చుట్టు తిరిగి వచ్చిన మా ఆయన, తల్లిని ఒక్క మాట కూడా అనకుండా నా పక్కన కూర్చున్నాడు. ఆమె మాత్రం ఆ రోజు అన్నం ముట్టలేదు.

కట్టు విప్పిన రోజు కుడి కంటికి డాక్టరు చొక్కా గుండీలు కనిపించాయి. ఎడమ కంట్లో మంచు అట్లాగే ఉంది. తగ్గొచ్చు, చూద్దామన్నాడు.

సమ్మె ఆగి గ్రంథాలయం తెరిచాక అత్తమ్మ నా వెంట వచ్చింది. ఎప్పుడూ ఆ గడప తొక్కని మనిషి, చెప్పులు చేత పట్టుకుని నా పక్కన కూర్చుంది. పుస్తకం ముందున్నా తెరవడానికి చేతులు రాలేదు. అక్షరాలు మళ్లీ మరకలైతే? చివరికి తెరిచాను. నేను ఆపిన చోటికి రెండు పేజీల తర్వాత, అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది: గింజల్లో విషపదార్థాలుంటాయి, కండ్లకు తగలనివ్వరాదు. మెల్లగా పైకి చదివాను. అత్తమ్మ వంగి ఆ పేజీని చాలాసేపు చూసింది.

"గింత సన్నగ రాస్తె ఎవలకు కనవడుతది పిల్లా?"

"నాకు కనవడ్డది అత్తమ్మా."

ఎడమ కంటితో చూడమని ఆమె అడగలేదు. నేనూ కుడి కన్ను మూయలేదు.