రెండు సుడుల పిల్ల

కుర్చీ ఎక్కిన ప్రతివాడితోనూ "నిమ్మళంగా కూర్చో నాయనా, నీ తలకాయేం పారిపోదు" అనడం అలవాటు గనక ఆయనకి నిమ్మళం అనే పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు భార్యకీ గుర్తింపు కార్డుకీ తప్ప ఇంకెవరికీ తెలీదు. యాభై రెండేళ్ళ మనిషి. బస్టాండు వెనక సందులో రెండు కుర్చీల సెలూన్. ఒక కుర్చీ దగ్గర ఆయన పని చేస్తాడు, రెండోదాంట్లో పేపరు చదవడానికి వచ్చినవాళ్ళు కూర్చుంటారు. ముప్ఫై ఏళ్ళ అనుభవం వల్ల ఆయనకో చిత్రమైన గుణం అబ్బింది. మొహాలు గుర్తుండవు, తలలు మాత్రం మరిచిపోడు. దారిలో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేసి, ఆ మనిషి నాలుగడుగులు దాటాక వెనకనుంచి చూసి, "ఓహో, మీరా" అనేవాడు. "నన్ను కూడా మొహం చూసి చేసుకోలేదు, జడ చూసి చేసుకున్నారు" అని భార్య అందరికీ చెప్పి నవ్వేది.

ఆమె చర్చిలో పాటల బృందంలో ఉండేది. ఆయన ఆదివారాలు ఆమె వెంట వెళ్ళి చివరి బెంచీలో కూర్చుని, ముందు వరసల్లో ఎవరికి కటింగు వేళయిందో చూసుకుంటూ ప్రసంగం వినేవాడు. ఆ చర్చిలో పెద్దమనిషి ఒక కాంట్రాక్టరు. ఏటా పదిమందిని వెంటబెట్టుకుని పరాయి దేశంలో పిల్లల హోములకి సేవ చేయడానికి వెళ్ళేవాడు. ఆ ఏడాది పిల్లల తలలు బాగుచేయడానికి ఒక మంగలి కావలసివచ్చింది. "ఇన్నాళ్ళకి మీ కత్తెరకి దేవుడు పని చెప్పాడు" అంది భార్య. ఆయన ఎన్నడూ విమానం ఎక్కలేదు. రెండు కత్తెర్లు, నాలుగు దువ్వెనలు, మిషను, మెడకి చుట్టే తెల్లగుడ్డలు, పటిక, పేలమందు సర్దుకున్నాడు. పెళ్ళివారింటికి వెళ్తున్నంత సంబరంగా బయల్దేరాడు.

మొదటి హోము ఒక మార్కెట్టు వెనక రెండంతస్తుల కట్టడం. రేకు గేటు, సిమెంటు వాకిలి. లోపలికి అడుగుపెట్టగానే తడిసిన పరుపుల కంపు, దానిమీద పొద్దున్నే చల్లిన ఫినాయిలు వాసన. ఇరవై ముగ్గురు పిల్లలు వరసగా నిలబడి పాట పాడారు. హోము నడిపే ఆయన ఇస్త్రీ చొక్కాలో, నడుముకి తాళాల గుత్తితో ఉన్నాడు. ఆ గుత్తి గలగలమంటే పిల్లలు పాట మొదలెట్టేవారు, మళ్ళీ గలగలమంటే ఆపేసేవారు. మేడమీద అద్దాల బీరువాలో బొమ్మలు, బూట్లు ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి. పోయినేడు మన బృందం ఇచ్చినవి, పిల్లలు పాడుచేస్తారని దాచానన్నాడు తాళాలాయన. నిమ్మళానికి అది విడ్డూరంగా తోచింది గాని, పరాయి ఇంటి పెత్తనం మనకెందుకని ఊరుకున్నాడు.

వాకిట్లో కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా వంచిన నడుం ఎత్తలేదు. పిల్లల తలల్లో పేలు, పుళ్ళు, చీము కట్టిన కురుపులు. ఒక్కొక్కరినీ కడిగి, మందు రాసి, కత్తిరించాడు. వాళ్ళ మాటలు ఆయనకి చెప్పడానికి ఒకావిడ పక్కన ఉంది. ఆవిడ ఇదివరకు మనవాళ్ళ ఇంట్లో పదేళ్ళు పిల్లల్ని ఆడించి మన భాష నేర్చుకుంది. అందరూ ఆవిడని దుబాసమ్మ అనేవారు. నిమ్మళంగా కూర్చో అనే మాట వాళ్ళ భాషలో ఎలా అనాలో ఆవిడ దగ్గర నేర్చుకుని, దాన్ని ప్రతి పిల్లకీ వినిపించాడు.

ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె కుర్చీ ఎక్కింది. నడినెత్తిన రెండు సుడులు, చెవి వెనక చింతగింజంత మచ్చ. "రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళవుతాయంటారు మా వైపు" అన్నాడు. దుబాసమ్మ ఆ మాట చెప్తే పిల్ల కిలకిలా నవ్వి, తనకి ఒక్కటీ వద్దంది. ఆ క్షణాన గేటు దగ్గర లారీ హారను మోగింది. పిల్ల ఉలిక్కిపడింది, కత్తెర ఎడమ చెవి పైన జుట్టులోకి ఒక చిన్న కత్తిరింపు వేసేసింది. ఎంత సరిచేసినా అక్కడ మెట్టులా ఉండిపోయింది. ఆయనకి ఆ రోజంతా అదే బాధ.

సాయంత్రం ప్రార్థనలో ఆ పిల్లని నిలబెట్టి, వరదలో తల్లీ తండ్రీ పోయారని తాళాలాయన చెప్పాడు. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బృందంలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగారు. నిమ్మళం కూడా ఏడ్చాడు. భార్యకి ఫోను చేసి, తన బతుక్కి ఇవాళ ఒక అర్థం దొరికిందన్నాడు.

మూడు రోజుల తర్వాత రెండో హోముకి వెళ్ళారు. ఊరికి ఆ చివర, వ్యానులో గంట దూరం. వేరే బోర్డు, వేరే పెద్దావిడ. ఎండ మండిపోతుంటే పిల్లలందరి తలలకీ ఉన్ని టోపీలు! కటింగులు నిన్ననే అయిపోయాయి, మీకెందుకు శ్రమ, ప్రార్థన చేస్తే చాలన్నది పెద్దావిడ. నిమ్మళం గోడవార కూర్చున్నాడు. ముందు వరసలో ఒక పిల్లవాడు దురద ఆగక టోపీ పైకి లాగి గోక్కున్నాడు. వాడి మెడ వెనక జుట్టు చివర గుండ్రంగా, చంద్రవంకలా దిగి ఉంది. అందరూ అక్కడ గీత గీసినట్టు తిన్నగా కొడతారు. అలా వంపు తిప్పేది తన చెయ్యే. పక్కవాడి మెడ చూశాడు, ఆ పక్కది చూశాడు. అన్నీ తన చేతి పనే.

ఆయన లేచి వరస చివరికి వెళ్ళి ఒక ఆడపిల్ల టోపీ మెల్లగా ఎత్తాడు. రెండు సుడులు. ఎడమ చెవి పైన మెట్టు. పిల్ల తలెత్తి, ఆయన్ని ఎన్నడూ ఎరగనట్టు చూసింది. మూడు రోజుల కిందట తన మాటకి పకపకా నవ్విన పిల్ల. ఎనిమిదేళ్ళకే ఆ చూపు ఎవరు నేర్పారా అనుకుంటూ ఆయన టోపీ మళ్ళీ దించాడు.

కాసేపటికి ఆ పిల్లనే నిలబెట్టి, బస్సుల స్టేషనులో ఎవరో వదిలేసిపోతే దొరికిందని చెప్పారు. పిల్ల మళ్ళీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మొన్న ఆమెని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న, బృందంలోని నర్సమ్మే ఇవాళ మళ్ళీ కూర్చోబెట్టుకుని, మళ్ళీ అంతే ఏడ్చి, మళ్ళీ ఫొటో దిగింది. పోల్చుకోలేదు. ఏ ఒక్కరూ పోల్చుకోలేదు. లోకంలో మొహాలు మరిచిపోయేది తానొక్కడే అనుకున్నాడు నిమ్మళం ఇన్నాళ్ళూ. వీళ్ళసలు చూసుంటే గదా, మరిచిపోవడానికి! ఆ ముద్దులు, ఆ కన్నీళ్ళు చూస్తుంటే ఆయనకి నోట్లో పాచినీళ్ళు ఊరినట్టయింది.

హోటలుకి తిరిగొచ్చాక కాంట్రాక్టరుని పక్కకి పిలిచి చూసింది చూసినట్టు చెప్పాడు. కాంట్రాక్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ సాంతం విన్నాడు. ఎవరు చేసినా కటింగులు ఒకేలా ఉంటాయి గదా, నువ్వు చెయ్యనివి కూడా నీవే అనిపిస్తున్నాయేమో అన్నాడు. సుడుల సంగతో అని నిమ్మళం అడిగితే, ఇక్కడి కష్టసుఖాలు మనకేం తెలుసు, నేను కనుక్కుంటాను, నలుగురిలో అనకు అని భుజం తట్టాడు. పెద్దమనిషి చెవిన వేశాం గదా, ఇక ఆయనే చూసుకుంటాడని నిమ్మళం గుండె తేలికపడింది.

మర్నాడు సెలవు. ఆ పై రోజు మూడో హోము. గేటు తీయగానే పిల్లలు వరసగా నిలబడి పాట పాడుతున్నారు. అందరివీ గుండ్లు.

మొండి బ్లేడుతో, పొడి నెత్తి మీద గీకిన గుండ్లు. నెత్తి నిండా గాట్లు, నెత్తురు ఎర్రచీమల బారులా ఎండిపోయింది, ఈగలు ముసురుతున్నాయి. పిల్లలకి తోలుకోవడానికి కూడా భయం, చేతులు కట్టుకుని పాడుతున్నారు. పేలు పడ్డాయి, అందుకే తీయించామన్నారు అక్కడివాళ్ళు. ఆ పేలు తన చేతులతో తీసి అయిదు రోజులే అయింది.  నిమ్మళం నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి భళ్ళున కక్కుకున్నాడు. తాను కాంట్రాక్టరుకి చెప్పాడు, కాంట్రాక్టరు తాళాలాయనకి చెప్పాడు, తాళాలాయన బ్లేడు పట్టాడు. ఆ మాట నడిచిన దారి అంతా ఆయనకి అక్కడే, గోడ పట్టుకుని వంగి ఉండగానే అర్థమైంది.

మూతి కడుక్కుని వచ్చి పెట్టె తెరిచాడు. జుట్టు పోతే గుర్తు పోతుందనుకున్నారు వెర్రివాళ్ళు. గుండు మీద సుడి ఇంకా బాగా కనబడుతుందని మంగలికి తెలీదా? రెండు సుడుల పిల్లని ఒక్క చూపులో పట్టుకున్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి, గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి గాట్లు కడుగుతూ, నిమ్మళంగా కూర్చో అన్నాడు వాళ్ళ భాషలో. పిల్ల తల తిప్పకుండానే ఏదో అంది. 

"ఏమంటోందమ్మా?"

దుబాసమ్మ నేల చూసింది. "నువ్వు చెప్పినందుకే గొరిగారు అంటోంది."

 సరిగ్గా అప్పుడే కాంట్రాక్టరు ఫోను పైకెత్తి పట్టుకుని వచ్చాడు. "నిమ్మళం, అలాగే ఉండు. మందు రాస్తున్నట్టు చెయ్యి కాస్త పైకి పెట్టు. దీనికి మించిన ఫొటో ఉండదు."

నిమ్మళం గొంతు పెంచలేదు. "ఇరవయ్యేళ్ళుగా మీ గడ్డం గీస్తున్నాను. ఒక్కనాడైనా గాటు పడనిచ్చానా? ఈ తల చూడండి. ఇది మీరు చేయించిందే. ఫొటో తీశారా, ఆ ఫోను నీళ్ళ తొట్టిలో ఉంటుంది."

కాంట్రాక్టరు చుట్టూ చూసి, ప్రయాణాల బడలికలో ఏదో అంటున్నాడని నవ్వేసి అవతలికి వెళ్ళిపోయాడు. నిమ్మళం ఇరవై మూడు తలలూ కడిగి, పటిక నీళ్ళద్ది, మందు రాసి, మధ్యాహ్నం భోజనానికి ఉండకుండా వెళ్ళి వ్యానులో కూర్చున్నాడు. బృందం వాళ్ళు లోపల తింటూ పాటలు పాడుకుంటుంటే ఆ చప్పట్లు ఆయనకి చెవుల్లో చీము కారినట్టు వినపడ్డాయి.

దుబాసమ్మ వచ్చి ఎదురు సీట్లో కూర్చుంది. ఏటా చూస్తున్నానని, నోరు విప్పితే పని పోతుందని ఊరుకున్నానని చెప్పింది. నిజంగా ఎవరూ లేని పిల్లలు నలుగురైదుగురే, మిగతావాళ్ళకి తల్లులున్నారు, చదువు చెప్తామని తెచ్చి పెట్టుకున్నారంది. ఈ పిల్ల తల్లి కూడా తనకి తెలుసంది. మీరు దిగిన హోటలుకి దుప్పట్లు ఉతికే లాండ్రీలోనే ఇస్త్రీ చేస్తుందని చెప్పింది. తాను అయిదు రోజులుగా కప్పుకుంటున్న దుప్పటి ఆ తల్లి చేతి మడతే అని తెలిసేసరికి ఆయన చేత్తో మొహం కప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ లాండ్రీకి వెళ్ళారు. ఆవిరి పొగలో పదిమంది ఆడవాళ్ళు నిలబడి ఇస్త్రీ చేస్తున్నారు. ఆ తల్లి సన్నగా, మణికట్ల మీద కాలిన మచ్చలతో ఉంది. నెలకో ఆదివారం గేటు దగ్గర కూతుర్ని చూస్తుందట. మిగతా రోజులన్నీ బడిలో ఉంటుందని నమ్ముతోంది. దుబాసమ్మ వరద సంగతీ, స్టేషను సంగతీ, గుండు సంగతీ చెప్పింది. నమ్ముతుందో లేదోనని నిమ్మళం తన తలమీద వేలితో రెండు సుడులు తిప్పి చూపించాడు. చెవి వెనక మచ్చ చూపించాడు. ఆవిడ ఏడవలేదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, తీగ చుట్టి, దాని చోట దాన్ని పెట్టి బయల్దేరింది. పక్క బల్ల దగ్గరి ఆవిడ కొడుకు కూడా అక్కడే ఉన్నాడట. ఆవిడా వచ్చింది. వాళ్ళకి తోడుగా ఇంకో ఇద్దరు.

మార్కెట్టు వెనక మొదటి హోముకి వెళ్తే, తాళాలాయన ముందు పిల్లలు లేరన్నాడు, తర్వాత కాగితాల మీద మీరు వేలిముద్రలు వేశారన్నాడు. నలుగురూ రేకు గేటుకి వీపులానించి కూర్చున్నారు. మార్కెట్టు జనం పోగయ్యారు. మధ్యాహ్నానికి వ్యాను వచ్చి ఇద్దరు పిల్లల్ని దింపింది. తల్లి కూతురి నెత్తి తడిమి, గాట్లన్నీ ఒక్కొక్కటే చూసి, తన తలగుడ్డ విప్పి చుట్టింది. వెళ్ళేటప్పుడు పిల్ల నిమ్మళం వైపు చూడలేదు. చూస్తుందనీ ఆయన అనుకోలేదు.

మిగిలిన ఇరవై ఒక్కరి కోసం ఆయనా దుబాసమ్మా పిల్లల సంక్షేమం చూసే ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చారు. గుమాస్తా సోమవారం రమ్మన్నాడు. ఆయన విమానం ఆదివారం. దుబాసమ్మకి ఆ సాయంత్రమే పని పోయింది.

ఇంటికొచ్చిన వారం చర్చిలో వెళ్ళొచ్చినవాళ్ళ సాక్ష్యాలు. గోడమీద తెర కట్టి ఫొటోలు చూపించారు. వరదలో అమ్మానాన్న పోయిన పిల్ల, స్టేషనులో దొరికిన పిల్ల, మూడో హోములో గుండుతో నిలబెట్టిన, ఒంటినిండా జబ్బుతో వచ్చిన పిల్ల. ప్రతిదానికీ జనం ఆమెన్ అన్నారు. నిమ్మళం చివరి బెంచీలోంచి లేచాడు.

"ఆ మూడూ ఒకటే పిల్ల. తల్లి ఉంది. నేను చూశాను."

మొత్తం చెప్పాడు. తాను చెప్పినందుకే గుండు కొట్టారన్న మాట కూడా దాచలేదు. పాస్టరుగారు ప్రార్థన చేద్దాం అన్నారు. కాంట్రాక్టరు పాపం మనిషికి ఆరోగ్యం దెబ్బతిందన్నాడు. నర్సమ్మ మాత్రం తెర దగ్గరికి వెళ్ళి మూడు ఫొటోలూ మార్చి మార్చి వేయించుకుని చూసి, బయటికి వెళ్ళిపోయింది. భార్య పాటల బృందంలోంచి దిగివచ్చి ఆయన పక్కన నిలబడింది.

దారిలో ఆమె అడిగింది, "ఆ మొదటి రోజు ఫోనులో అంత ఏడ్చారు గదా?"

"ఆ ఏడుపు తలుచుకుంటేనే నాకు ఎక్కువ రోత. ఎంత హాయిగా ఏడ్చానో!" అన్నాడు.

ఆ తర్వాత సెలూన్‌కి వచ్చేవాళ్ళు తగ్గారు. కాంట్రాక్టరు వేరేచోట గీయించుకుంటున్నాడు. మరుసటి ఏడు బృందం మళ్ళీ వెళ్ళింది, ఈసారి మంగలికి బదులు ఒక గారడీవాణ్ణి తీసుకెళ్ళారు. రెండు సుడుల పిల్ల బడికి వెళ్తోందని దుబాసమ్మ కబురు పెట్టింది. ఆఫీసువాళ్ళు చివరికి వచ్చి రెండో హోము బోర్డు పీకించారట. పిల్లలు ఏమయ్యారో తనకి తెలీలేదట. ఆ హోమే ఇంకో పేటలో, కొత్త బోర్డుతో లేచిందట.

ఇప్పటికీ ఎవరో ఒకరు పిల్లల ఫొటో వేసిన కాగితం తెచ్చి సెలూన్ అద్దం పక్కన అంటించమంటారు. నిమ్మళం గుడ్డ దులుపుతూ, "ఈ పిల్లకి అమ్మ ఉందో లేదో అడిగారా?" అంటాడు. అది మాకెలా తెలుస్తుందండీ అంటారు వాళ్ళు. తెలుసుకుని రండి, అప్పుడు అంటిద్దాం అని కుర్చీలో మనిషి వైపు తిరుగుతాడు. ఇంతవరకూ తిరిగి వచ్చినవాళ్ళు లేరు.