ముషర్రఫ్ భాయ్ ఇంటర్వెల్

ముషర్రఫ్ భాయ్‌కి ఒకటే జబ్బు: ఇంటర్వెల్ ఇచ్చాక సినిమా మళ్లీ మొదలుపెట్టడానికి చెయ్యి రాదు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే దారిలో, ఓ సందులో ఉన్న చంద్రిక టాకీస్‌కు ఆయన మేనేజరు. నేను గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి. బోర్డు మీద ఇంటర్వెల్ పది నిమిషాలు. ఆయన లెక్కన ఇరవై, ఒక్కోసారి పాతిక. జనం ఈలలేస్తే వరండాలో బెల్ దగ్గర నిలబడి సాకులు చెప్పేవాడు.

"భాయ్, ఇంకెంతసేపు?"

"రీలు గరమైంది. జర ఠండా కానియ్యి."

మర్నాడు సౌండు డబ్బాకు రెస్టు. ఆ మర్నాడు, "తెర మీద బల్లి ఉన్నది. ఎల్లగొడుతున్నరు."

"మొన్న కూడా బల్లే అన్నావుగా?" అన్నాడు ఓ జావా కోర్సు కుర్రాడు.

"మొన్నటిది పోయింది. ఇది దాని తమ్ముడు."

నాకు ఒళ్లు మండిపోయేది. క్యాంటీన్‌లో సమోసాలు అమ్ముడుపోవడానికే ఈ నాటకమని నా నమ్మకం. ప్రతి మంగళవారం బల్కంపేట ఎల్లమ్మ ముందు నిలబడి, "తల్లీ, ఈ మనిషికి కాస్త బుద్ధి ప్రసాదించు" అని మొక్కుకునేవాణ్ణి.

అవి ఊళ్లో మాల్స్ లేస్తున్న రోజులు. వాటిలో మెత్తటి సీట్లు, చల్లటి గాలి, ఠంచనుగా ఆట. చుట్టుపక్కల చిన్న హాళ్లన్నీ ఒకటొకటే ఫంక్షన్ హాళ్లయిపోయాయి. మా సీట్లలో సగానికి స్ప్రింగులు బయటికొచ్చినా, మ్యాట్నీకి హాస్టల్ అమ్మాయిలు విరగబడి వచ్చేవారు. ఎందుకో నా బుర్రకు తట్టలేదు.

ఓ మధ్యాహ్నం డిస్ట్రిబ్యూటర్ తరఫున చలపతిరావు గారు వచ్చారు. వచ్చే నెల పెద్ద సినిమా మాకివ్వాలా, మాల్‌కివ్వాలా తేల్చడానికి. అది రాకపోతే హాలు మూసేసి కోచింగ్ సెంటరుకు ఇచ్చేస్తానని ఓనరు అప్పటికే చెప్పేశారు.

ఇంటర్వెల్ ఇరవై నిమిషాలు దాటింది.

"ఏంటండీ ఇది?"

"రీలు గరమైంది సార్."

చలపతిరావు గారు గబగబా పైకెళ్లి, రీలు మీద చెయ్యి పెట్టి చూసి దిగొచ్చారు. "మంచుగడ్డలా ఉందండీ! సమోసాల కోసం ఇంతమందిని కూర్చోబెడతారా? సిగ్గులేదూ?"

భాయ్ తల దించుకున్నాడు. అప్పుడు ఆడవాళ్ల బాత్రూం వైపు నుంచి, అక్కడ ఊడ్చే సీతాబాయి చీపురుతోనే వచ్చింది.

"ఏం లొల్లి సార్? ఆరువందల సీట్ల హాలుకు ఆడోళ్లకు రెండే గదులు కట్టిండ్రు. ఇంకా ముప్పై మంది లైన్ల ఉన్నరు. ఆఖరు పిల్ల బయటికొచ్చినంక నేను చెయ్యి ఊపుత, భాయ్ బెల్ కొడ్తడు. ఏడేండ్ల సంది గంతే!"

"సీతా, చుప్!" భాయ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. "గిది నలుగుర్ల చెప్పే ముచ్చటనా?"

నా కోపం దారి మళ్లింది. ఆరువందల సీట్లకు రెండు గదులు గీసిన ఆ ఇంజనీరుకు తల్లి లేదా, చెల్లి లేదా? ఠంచనుగా గంట కొట్టి, ఆడవాళ్లను చీకట్లో మెట్లు తడుముకోమనడం కూడా ఒక గొప్పేనా? ఇక నేను! ఏడేళ్లుగా అమ్మవారికి ఈ మనిషి మీద చాడీలు చెప్పిన నేను! అక్కడే లెంపలు వేసుకున్నాను.

చలపతిరావు గారు ఆడవాళ్ల లైను వైపు చూశారు. "మా ఆవిడ సెకండాఫ్‌లో ఎప్పుడూ 'వీడెవడండీ, ఎప్పుడొచ్చాడు?' అంటుంది. దానికి సినిమా అర్థం కాదని పదేళ్లుగా అందరికీ చెప్పి నవ్వానండీ."

"ఇంటికి పోయి మాఫీ అడుగుండ్రి," అంది సీతాబాయి.

"అడుగుతానమ్మా. సినిమా మీకే ఇస్తాను. కానీ నాలుగు ఆటలూ టైముకు పడాలి. గదులు పెంచండి."

జాగా ఎక్కడుందన్నారు ఓనరు. ఆడవాళ్ల వైపు గోడను ఆనుకుని ఉన్నది ఒక్కటే, మేనేజర్ రూం. మర్నాడే భాయ్ తన బల్ల బయట పెట్టించి మేస్త్రీని పిలిచాడు. నెల తిరిగేసరికి అక్కడ కొత్తగా నాలుగు గదులు లేచాయి. సినిమా వచ్చింది. ఇంటర్వెల్ పది నిమిషాల్లో అయిపోవడం మొదలైంది.

మొదటి రోజు చలపతిరావు గారు భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. మెట్ల కింద కుర్చీలో ఉన్న భాయ్‌ని చూసి, "మేనేజర్ రూం ఎటు మార్చారండీ?" అని అడిగారు.

భాయ్ అలవాటుగా తన పాత రూం వైపు చెయ్యి చూపించబోయి, గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"రూం లేదు సార్. మేనేజర్ ఉన్నడు," అంటూ లేచి, తన కుర్చీని ఆవిడ వైపు జరిపాడు.