శనగ చేలో పులుపు మంచు

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు మధ్యాహ్నం రెండున్నరకు కదిలింది. పొద్దున్నే బోలెడు బస్సులున్నాయి. కానీ ఆ వేళకు నేను రగ్గు కిందనుంచి ముక్కు కూడా బయటపెట్టను. మస్కట్‌లో పందొమ్మిదేళ్లు ఇళ్లల్లో వంటపని చేసి, మొన్న అక్టోబరులో ఇక చాలనుకుని వచ్చేశాను. ఆ ఊళ్లో చలికాలమంటే కిటికీలు తెరిచి హాయిగా కూర్చునే కాలం. ఇక్కడ నంద్యాలలో డిసెంబరు వచ్చేసరికి నా పళ్లు టకటకలాడాయి. రెండు స్వెట్టర్లు, చెవులకు దూది, కాళ్లకు సాక్సులు. గిన్నెలు తోమడానికి కూడా నీళ్లు కాచుకునేదాన్ని. "రూతమ్మా, గిన్నెలకు కూడా చలి పెడతాందా?" అని పక్కింటావిడ రోజూ ఎగతాళి చేసేది. పుట్టిన గడ్డ చలికి నేనే పరాయిదాన్నయ్యాను.

అలాంటిదాన్ని జనవరి మొదటి వారంలో ఊరికి బయలుదేరానంటే మా మార్తక్క కోసమే. ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. క్రిస్మస్‌కు ముందు జ్వరం వచ్చి తగ్గింది, కానీ నోరు మాత్రం బాగవలేదు. మూడు వారాలుగా ముద్ద దిగడం లేదు. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, రోగమేమీ లేదు, తినకపోతే మాత్రం మనిషి లేవదు అని చెప్పి పంపాడు. ముందురోజు ఫోను చేస్తే అక్క గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. "నోరంతా చేదు మే. పులుపునీళ్లుంటే ఒక రొట్టె తింటానేమో" అంది.

పులుపునీళ్లంటే తెలియని వాళ్లకు చెబుతాను. చలికాలంలో శనగ చేను పచ్చగా ఉన్నప్పుడు తెల్లవారుజామున ఆకుల మీద మంచు పడుతుంది. శనగాకు నూగులో ఉన్న పులుపు ఆ మంచులోకి దిగుతుంది. ఎండ రాకముందే చేను మీద గుడ్డ లాగి, తడిసిన గుడ్డను పిండితే వచ్చేవే ఆ నీళ్లు. చింతపండుకూ నిమ్మకాయకూ లేని రుచి. అంగట్లో దొరకవు. చేను ఎండుముఖం పడితే ఆకులో పులుపు పోతుంది. అక్కావాళ్ల చేను ఇంకో వారం పది రోజులకు మించి పచ్చగా ఉండదట. అందుకే బయలుదేరాను, రెండు స్వెట్టర్లతోనే.

ఎండ తగులుతుందని బస్సులో కుడిపక్క కిటికీ దగ్గర కూర్చున్నాను. కండక్టరు రాగానే నోటు తీశాను.

"దుడ్లు లోపల పెట్టుకోక్కా. ఆధార్ కార్డు చూపీ, చాలు. ఆడోళ్లకు ఊరికే."

"ఊరికే అయితే ఈ కాగితమెందుకిస్తాండావప్పా?"

"సున్నా టికెట్టు. యాడినుంచి వస్తాండావ్ నువ్వు?"

"మస్కట్ నుంచి."

"అంత దూరం నుంచి నా బస్సులోనే వస్తాండావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సున్నా టికెట్టును మాత్రం రెండుసార్లు తిప్పి చూసుకున్నాను.

పక్క సీటులో ఒక ముసలామె. చేతుల మీద కొంగు కూడా లేదు, హాయిగా కూర్చుంది. నన్ను కిందికీ పైకీ చూసి, "అన్ని తొడుక్కుంటే నీకు ఎండ యాడ తగుల్తాది మే?" అంది. శిరివెళ్ల మెట్ట దాటాక ఎడమ పక్కన నల్లమల కొండలు నీలంగా కనిపించాయి. రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి, దాని మీద మోకాలెత్తు శనగ. ఇన్నేళ్లూ వేరే దేశపు వంటింటి కిటికీలోంచి గోడలు చూసిన కళ్లు, అంత పచ్చదనాన్ని ఒకేసారి పట్టలేకపోయాయి.

నాలుగు కావస్తుండగా ఆళ్లగడ్డలో దిగాను. రోడ్డు పక్క కొట్టాల్లో రాయి చెక్కేవాళ్ల ఉలి దెబ్బలు వింటూ ఒక టీ తాగి, షేరాటో ఎక్కాను. ఇరవై రూపాయలు, పావుగంట. అక్క ఇంటి ముందే దింపాడు.

అక్క చిక్కి సగమైంది. మణికట్టు దగ్గర బిగుతుగా ఉండే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. "ఏందీ మే, ఎలుగొడ్డు మాదిరి వచ్చినావు?" అంది నా స్వెట్టర్లు చూసి. ఎగతాళి ఇంకా మిగిలుందని కాస్త ధైర్యం వచ్చింది. సాయంత్రం సంగటి చేసి పెట్టాను. రెండు వేళ్లతో ముట్టుకుని పళ్లెం పక్కకు జరిపింది.

మరునాడు అయిదున్నరకు లేచాను. లేచానంటే లేవలేదు, లేవడానికి అరగంట పట్టింది. మస్కట్ నుంచి అక్కకని తెచ్చిన మెత్తటి మందపాటి తెల్ల దుప్పటి ఒకటుంది. ఎంత మందమైతే అంత నీళ్లు పట్టవా అనుకుని అదే, దాంతోపాటు ఒక గాజు సీసా తీసుకుని బయలుదేరాను. సాక్సులు, బూట్లు, చేతికి ఉన్ని తొడుగులు. చేను ఇంటి వెనక రెండు మళ్ల అవతలే. దాన్ని కౌలుకు చేస్తున్న ఓబులేసన్న అప్పటికే గట్టు మీద బీడీ కాలుస్తున్నాడు. దుప్పటికి ఆ కొస ఆయన పట్టుకున్నాడు, ఈ కొస నేను. చేను మీద ఆ చివరి దాకా లాగాం.

పిండి చూస్తే చుక్క లేదు. నీళ్లు దుప్పటి మీద పూసల్లాగా నిలబడి, జారి నేలపాలయ్యాయి. ఇంకోసారి లాగాం. మళ్లీ అంతే. ఈలోగా కొండ మీద పొద్దు పొడిచింది.

"ఇది గుడ్డ కాదు రూతమ్మా, ప్లాస్టిక్కు. వాన గొడుగు కిందికి పనికొస్తాది" అన్నాడు ఓబులేసన్న. "నూలు గుడ్డ తే. బాగా నలిగింది తే. ఆ బూట్లు ఇంటికాడ ఇడిసిరా. మంచు పట్టేదానికంటే చేను తొక్కేదే ఎక్కువైంది."

సాక్సులు మాత్రం నిండా తడిసి, పులుపు పట్టి, కాళ్లు ఒకటే దురద. ఇంటికొచ్చేసరికి అక్క పొయ్యి వెలిగించి, జొన్నపిండి జల్లించి, పెనం పెట్టుకుని కూర్చుని ఉంది. ఖాళీ సీసా చూసింది. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, పోయి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు ఇక గంజి కూడా తాగలేదు.

నూలు గుడ్డ కోసం వీధంతా తిరిగాను. నమ్మరు గానీ, పద్నాలుగు ఇళ్లు తిరిగితే ఒక్క ఇంట్లో నూలు చీర లేదు, నూలు దుప్పటి లేదు. అన్నీ జారిపోయే గుడ్డలే. పత్తి పండే పల్లెలో పత్తి గుడ్డ లేదు! "అయ్యో, మా అత్త చీరలుండె, మొన్ననే ఒక గిన్నె కోసం పాతబట్టల గిన్నెలోడికేస్తి" అంది ఒకామె. ఒట్టి చేతులతో తిరిగొచ్చి గడపలో కూలబడ్డాను.

అక్క లేచి కూర్చుంది. మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగింది. అందులో యోసేపు బావ పంచె ఉంది. తెల్లటి నూలు పంచె, ప్రతి ఆదివారం మందిరానికి కట్టుకునేది. బావ పోయి నాలుగేళ్లు. ఆయన బట్టలన్నీ పంచేసినా అదొక్కటి మాత్రం అక్క ఎవరినీ తాకనివ్వలేదు.

"వద్దక్కా. కలరా ఉండలేసినావు, ఆ వాసన నీళ్లకు పడతాది. ఉతకాల్సి వస్తాది" అన్నాను.

"ఉతికితే ఏమైతాది?"

"ఇన్నాళ్లూ ఉతకలేదు కదా."

అక్క పంచెను ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. "కలరా ఉండల వాసనే ఉండేది మే. ఆయన వాసన ఉందని నాలుగేండ్లుగా నేనే అనుకుంటాండా" అంది. నన్ను పట్టుకోనివ్వలేదు. తనే వేణ్నీళ్లు పోసి, సబ్బు లేకుండా మూడుసార్లు ఉతికి, మిద్దె మీద ఆరేసింది. మెట్లెక్కేటప్పుడు రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. చెయ్యి పట్టుకుందామంటే కసురుకుంది.

మూడో రోజు అయిదు కాకముందే అక్కే నన్ను లేపింది. "లేయ్ బేగా. నేనూ వస్తాండా."

"నీకేం పిచ్చా? ఈ చలిలో చస్తావు."

"నువ్వు బతికుంటే చాల్లే. పా."

చెప్పులు గట్టు దగ్గరే విడిచాం. నేను సాక్సులు వేసుకోలేదు. రేగడి మీద అరికాలు పెట్టగానే చలి మోకాళ్ల దాకా ఎక్కింది. అబ్బా అని పైకే అరిచాను. పొగమంచులో పది బారల అవతల ఏమీ కనిపించడం లేదు. ఓబులేసన్న ఇంకా రాలేదు. అక్క పంచె ఒక కొస నా చేతికిచ్చి రెండో కొస తను పట్టుకుంది.

మెల్లగా నడిచాం. పంచె శనగ కొమ్మల మీద వాలి, వాటిని వంచి, మళ్లీ లేవనిచ్చి ముందుకు పోతోంది. మొదట గాలికి ఎగిరింది. నాలుగడుగులకు ఎగరడం ఆగింది. ఇరవై అడుగులకు బరువెక్కింది. మడి చివరికి పోయేసరికి నీళ్లబిందె మోస్తున్నట్టు భుజాలు లాగాయి. అప్పుడే తూర్పున కొంచెం తెల్లవారింది. వెనక్కి తిరిగి చూసి నిలబడిపోయాను. మేం లాగిన దారి ఒక్కటే ముదురు పచ్చగా ఉంది. మిగిలిన చేనంతా, ఆకాకుకూ బొట్టుబొట్టున, వెండి పూసినట్టు తెల్లగా ఉంది. కొమ్మకూ కొమ్మకూ మధ్య సాలెగూళ్లన్నీ బయటపడ్డాయి. ఇన్ని గూళ్లుంటాయని ఎవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు. మంచు పడకపోతే వాటిని చూసే మొగోడే లేడు. చేను అంత చేను, చప్పుడు లేకుండా, రాత్రంతా ఈ పని చేసి పెట్టుకుని ఎవరో వచ్చి తీసుకుపోతారని ఎదురుచూస్తున్నట్టుంది. నేను వణుకుతూనే ఉన్నాను. అయినా కదలబుద్ధి కాలేదు.

"ఏం చూస్తాండావ్? పిండు" అంది అక్క.

ఇద్దరం చెరో కొస మెలితిప్పాం. స్టీలు చెంబులోకి ధార కట్టింది. నా వేలి మీద చిన్న కోత ఉంటే భగ్గుమంది. ఆ వేలినే నాకాను. ఆ పులుపుకు కళ్లు మూతపడ్డాయి, చెవుల వెనక జివ్వుమంది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి ఆ రుచి, ఇన్నాళ్లూ నా నోట్లోనే దాక్కుని ఉన్నట్టు మళ్లీ లేచొచ్చింది. అక్క కూడా దోసిట్లో కొంచెం పట్టి తాగింది. ముఖమంతా ముడుచుకుని, "ఉండాది మే! పులుపుండాది!" అని గట్టిగా అంది. ఆమెకు తెలిసింది పులుపొక్కటే కాదు, తన నాలుక ఇంకా పనిచేస్తోందని కూడా.

రెండో సాలుకు అక్క కాళ్లు తడబడ్డాయి. అప్పుడే వచ్చిన ఓబులేసన్న ఆమె చేతిలోని కొస అందుకున్నాడు. "మస్కట్టామె కాళ్లు నేల మీదికి వచ్చినాయే!" అన్నాడు. పొద్దు కొండ దాటేలోగా చెంబున్నర పట్టాం.

ఏడున్నరకు పచ్చిమిరపకాయలు కాల్చి, ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, ఉప్పు వేసి రోట్లో నూరి, మీద పులుపునీళ్లు పోశాను. జొన్నరొట్టె పెనం మీదనుంచి నేరుగా అక్క పళ్లెంలో వేశాను. అక్క కళ్లు మూసుకుని రెండు మాటల ప్రార్థన చేసింది. తుంచింది, అద్దింది, నోట్లో పెట్టుకుంది. నేను ముందుకు వంగి చూస్తున్నాను. నమిలింది. మింగింది.

"నా నోట్లోకి తొంగిచూస్తాండావేం? ఇంకోటి కాల్చుపో" అంది.

రెండున్నర రొట్టెలు తింది. నేను లెక్కపెట్టానని తెలిసి తిట్టింది.

పదికి బయలుదేరేముందు దండెం మీద పంచె కనిపించి, "ఉతికి పెట్టెలో పెట్టిపోనా అక్కా?" అని అడిగాను.

"ఉతకొద్దు, పెట్టెలో పెట్టొద్దు" అంది. "రేపు పొద్దున మళ్లా పోవల్ల. ఓబులేసును బేగా రమ్మనల్ల."

ఆళ్లగడ్డలో పదకొండింటి నంద్యాల బస్సు దొరికింది. ఎవరైనా పులుపునీళ్లకు పోదామనుకుంటే, చేను పచ్చగా ఉన్న నాళ్లలోనే పొండి. నలిగిన నూలు గుడ్డ తీసుకుపొండి. పులుపుకు చిలుమెక్కే రాగి చెంబులో కాకుండా గాజు సీసాలో పట్టుకోండి. చేను గలవాళ్లను అడిగి దిగండి. చలి పెడుతుంది, పెట్టదని నేను చెప్పను. నాకు ఇంకా పెడుతోంది. కానీ పొద్దునపూట చలిని చూస్తే ఇప్పుడు ఒట్టి చలి అనిపించడం లేదు. పైనుంచి ఏదో దిగి ఏదో పని చేసుకుంటున్న వేళ అనిపిస్తోంది.

దారి పొడుగునా శనగ చేలే. ఎండ బాగా ఎక్కింది. ఆకుల మీద ఒక్క చుక్క లేదు, ఒక్క సాలెగూడు కనిపించలేదు. బస్సులో అందరూ అటు చూసి ఇటు తిరిగారు. పదకొండు గంటలకు ఆ దారిన పోయేవాళ్లకు అది ఒట్టి శనగ చేను.